ఏసీకి గేజ్ పెట్టే ముందు అది ఏ మోడ్‌లో ఉందో చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు మొదలవుతున్నాయని మీ పత్రికలో ఏసీ జాగ్రత్తల గురించి రాశారు, సంతోషం. కానీ అందులో ఏటా గ్యాస్ చెక్ చేయించి తక్కువుంటే నింపించుకోవాలన్న మాట చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లుగా హనుమకొండలో ఏసీలు బిగించడం, రిపేర్లు చేయడమే నా పని. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లాగా వాడుతుంటే అయిపోయేది కాదు. మొదట్లో పోసిన గ్యాసే పైపుల్లో తిరుగుతూ ఉంటుంది, లీకు లేకపోతే పదేళ్లయినా అంతే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు పట్టకుండా గ్యాస్ కొట్టించుకుంటే వచ్చే వేసవికి మళ్లీ డబ్బులు పెట్టాల్సిందే.

ఇంకో సంగతి, చెక్ చేయడం వల్ల కూడా గ్యాస్ పోతుంది. ఔట్‌డోర్ యూనిట్ పక్కన సన్న పైపుకొకటి, లావు పైపుకొకటి రెండు ఇత్తడి వాల్వులు ఉంటాయి. లావు పైపు వాల్వుకు పక్కన చిన్న మూతి ఉంటుంది, గేజ్, అంటే గ్యాస్ ప్రెషర్ చూపే మీటరు, దాని గొట్టం తగిలించేది అక్కడే. దాని లోపల బండి టైరుకు ఉన్నట్టే ఒక పిన్ను ఉంటుంది. గొట్టం బిగించినప్పుడు, తీసినప్పుడు స్స్ మని కొంత పోతుంది, పిన్ను రబ్బరు పాతబడితే ఆ తర్వాత కూడా మెల్లగా పోతూనే ఉంటుంది. అందుకే పైన ఇత్తడి క్యాప్ ఇస్తారు. పని అయ్యాక దాన్ని స్పానర్‌తో బిగించకుండా చేత్తో తిప్పి వదిలేసినవి, అసలు క్యాపే లేనివి నేను వారానికి ఒకటైనా చూస్తుంటాను.

నన్ను ఈ ఉత్తరం రాయించింది మాత్రం మొన్న సంక్రాంతికి ముందు జరిగిన సంగతి. రిటైరైన ఒక సార్ ఢిల్లీలో కొడుకు దగ్గర వాడిన హాట్ అండ్ కోల్డ్ ఏసీని ఇక్కడికి తెచ్చుకుని బిగించుకున్నారు. అందులో ఉండేది ఆర్-410ఏ అనే ఎక్కువ ప్రెషర్ రకం గ్యాస్. మేడమ్‌కు కీళ్ల నొప్పులు, రాత్రి చలికి హీట్‌లో పెట్టుకుంటున్నారు. వేడి సరిగా రావట్లేదని ఎవరినో పిలిస్తే, ఒక కుర్రాడు వచ్చి హీట్‌లో నడుస్తున్న మిషన్‌కే గేజ్ పెట్టాడు. సూది చివరిదాకా వెళ్లి కొట్టుకుంది. గ్యాస్ ఎక్కువైంది సార్ అని చెప్పి, సూది 120 పీఎస్ఐకి (ప్రెషర్ కొలిచే లెక్క) దిగేదాకా గ్యాస్ గాల్లోకి వదిలేశాడు. ఆ రాత్రికి ఉన్న కాస్త వేడి కూడా పోయింది.

మామూలు కూలింగ్‌లో లావు పైపు కంప్రెసర్‌కు తిరిగొచ్చే దారి, అక్కడ ప్రెషర్ తక్కువ. ఆర్-410ఏ అయితే సుమారు 110 నుంచి 130 పీఎస్ఐ. హీట్‌లో పెడితే లోపల ఫోర్ వే వాల్వ్ దారి మార్చేస్తుంది, కంప్రెసర్ తోసే వేడి గ్యాస్ అదే లావు పైపులో ఇంట్లోకి వెళ్తుంది. అప్పుడు అదే మూతి దగ్గర 350, 400 ఉండటం మామూలే. హీట్ పంపు అంటే అదే కదా, బయటి వేడిని లాగి లోపల వదలడం. ఆ అబ్బాయి చూసింది ఆరోగ్యంగా ఉన్న మిషన్‌ని. వేడి రాకపోవడానికి అసలు కారణం దుమ్ము పట్టిన ఫిల్టర్లు.

ఇంకా నన్ను భయపెట్టింది, అతను వాడింది తక్కువ ప్రెషర్‌తో నడిచే పాత రకం గ్యాస్ ఆర్-22 గేజ్. ఆర్-410ఏకీ, ఇప్పటి ఏసీల్లో వచ్చే ఆర్-32 గ్యాస్‌కీ ఆ మూతి సైజు కావాలనే పెద్దది చేశారు, తక్కువ ప్రెషర్ గేజ్ పొరపాటున కూడా ఎక్కకూడదని. ఇతను బజార్లో దొరికే అడాప్టర్ తగిలించి ఎక్కించేశాడు. ఆ గేజ్ మీద అంకెలు 250తో ఆగిపోతాయి. పాత గొట్టం పగిలి ఉంటే వేడి గ్యాస్ అతని ముఖం మీదికే వచ్చేది. అతన్ని తిట్టాలని లేదు, నేర్పినవాళ్లు లేరు.

నేను వెళ్లి మోడ్ కూలింగ్‌కు మార్చాను. చలికాలం గది చల్లగా ఉంటే రిమోట్‌తో కూలింగ్ ఎత్తుకోదు. చాలా మోడళ్లలో ఇండోర్ మీద చిన్న బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే బలవంతంగా కూలింగ్‌లో నడుస్తుంది. సన్న పైపు నట్టు దగ్గర తెల్లగా మంచు కట్టింది, గ్యాస్ బాగా తక్కువుందనడానికి అది గుర్తు. మిగిలిన గ్యాస్ ఖాళీ సిలిండర్‌లోకి తీసి, పైపుల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు అరగంట నడిపి, ఆ వాక్యూమ్ నిలబడుతోందో లేదో చూసి, మిషన్ మీది ప్లేటులో రాసినట్టు 1 కేజీ 150 గ్రాములు కాటా మీద పెట్టి ఎక్కించాను. సిలిండర్ తలకిందులుగా పెట్టి, ఎందుకంటే ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, ద్రవంగానే ఎక్కించాలి.

కాటా ఎందుకని సార్ అడిగారు. మన వంటింటి సిలిండర్ ఎంత మిగిలిందో ఎలా తెలుసుకుంటాం? ఎత్తి చూస్తాం, లేదా తూకం వేస్తాం. నిండు సిలిండర్‌లోనూ పావు సిలిండర్‌లోనూ లోపల ద్రవం ఉన్నంతసేపూ ప్రెషర్ ఒకటే. ఏసీ ఆపి ఉన్నప్పుడు చూపించే ప్రెషర్ కూడా అంతే, అది చెప్పేది ఆరోజు ఎండ ఎంతుందని తప్ప గ్యాస్ ఎంతుందని కాదు. 35 డిగ్రీల్లో ఆర్-32 మిషన్‌కు గేజ్ పెడితే 300 పీఎస్ఐ దగ్గర చూపిస్తుంది, అది చూసి ఫుల్లుగా ఉంది అనుకుంటే మోసపోయినట్టే. ఇక ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్ స్పీడు మారుతూ ఉంటుంది, దాంతో నడిచేటప్పుడు సూది కూడా పైకీ కిందికీ పోతుంది. వాటికి గేజ్ చూసి గ్యాస్ కొట్టడం గుడ్డి లెక్క.

గేజ్ అవసరం లేదని నేను అనడం లేదు. అది చివర్లో పెట్టాలి. ముందు ఫిల్టర్లు, ఔట్‌డోర్ కాయిల్ కడగాలి. లోపలికి పీల్చే గాలికీ బయటికొచ్చే గాలికీ పది పన్నెండు డిగ్రీల తేడా ఉంటే కూలింగ్ బాగున్నట్టే. క్లాంప్ మీటర్‌తో ఆంప్స్, అంటే ఎంత కరెంటు లాగుతోందో చూడాలి. నట్ల దగ్గర నూనె మరకలున్నాయేమో చూసి సబ్బు నురగ పెట్టాలి. ఇవన్నీ చేసినా అనుమానం ఉంటే అప్పుడు గేజ్.

ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పే ముందు గ్యాసంతా ఔట్‌డోర్‌లోకి లాగి పెట్టే పంప్ డౌన్ గురించి కూడా రాయాలి, ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. కూలింగ్‌లో నడుస్తుండగా అలెన్ కీతో సన్న పైపు వాల్వ్ మూస్తే గ్యాసంతా ఔట్‌డోర్‌లోకి చేరుతుంది, సూది సున్నా దగ్గరికి రాగానే లావు పైపుదీ మూసి వెంటనే ఆపేయాలి. ఫోన్ మాట్లాడుతూ అలా నడవనిచ్చినా, పైపు ముందే విప్పేసినా, లీకు ఉన్నా కంప్రెసర్ గాలి పీల్చుకుంటుంది. గాలి, నూనె, వేడి కలిసి కంప్రెసర్ బాంబులా పేలుతుంది, ఇలా మనుషులు పోయారు. హీట్‌లో పెట్టి పంప్ డౌన్ అసలు కుదరదు. కొత్తచోట బిగించాక వాక్యూమ్ కొట్టకుండా నట్టు వదులు చేసి గ్యాస్‌తోనే గాలి తోసేసే పద్ధతి ఇంకా చాలామంది చేస్తున్నారు. ఆర్-410ఏ, ఆర్-32 మిషన్లలో వాడే నూనె తేమను ఇట్టే పీల్చుకుంటుంది, ఆ నూనె చెడితే కొన్నాళ్లకు కంప్రెసర్ పోతుంది. పైగా ఆర్-32 మెల్లగానైనా మండే గ్యాస్, దాన్ని గదిలో వదిలి బీడీ ముట్టించడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

2019లో కేంద్రం తెచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో 2022-23 నాటికి లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యంగా పెట్టారు. మా చుట్టుపక్కల చిన్న షాపుల్లో అలాంటి శిక్షణకు వెళ్లొచ్చిన కుర్రాడు నాకింతవరకు తగల్లేదు. జిల్లాకొక ఐటీఐలో వేసవికి ముందు రెండు రోజులు పెట్టినా చాలు, తెలుగులో, చేత్తో వాల్వులు తిప్పిస్తూ, హీట్‌లో ఒకసారి కూలింగ్‌లో ఒకసారి గేజ్ చూపిస్తూ. పిలిస్తే వచ్చి ఉచితంగా నేర్పుతాను, నా పంపూ కాటా తెచ్చుకుంటాను.

మీరు కూడా దయచేసి ఆ వ్యాసంలో మాట సరిచేసి, ఏటా గ్యాస్ చెక్ బదులు ఏటా కాయిల్, ఫిల్టర్లు కడిగించుకోమని వేయండి. గ్యాస్ కొట్టాలని మెకానిక్ అంటే లీకు ఎక్కడుంది, వాక్యూమ్ కొడతావా, కాటా తెచ్చావా అని అడగమని పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
ఒక ఏసీ మెకానిక్,
హనుమకొండ