పిల్లలకు విశ్వాసం ఇంట్లోనే అబ్బుతుంది

గ్రూపులోని అన్నలకు, అక్కలకు వందనాలు.

సండేస్కూల్‌కి పంపుతున్నాం కదా, ఇంకేం కావాలి అని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. వారానికి గంట చాలదండీ. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం చూడండి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమంది. తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి రాస్తూ అపొస్తలుడైన పౌలు తలచుకున్నది అతని అవ్వ లోయినీ, తల్లి యునీకేనీ.

ఇప్పుడు సార్వా వరి కోతలు నడుస్తున్నాయి. లేవీయకాండం 19వ అధ్యాయం మన చేల కోసమే రాసినట్టుంటుంది. చేను అంచుల దాకా కోయొద్దు, పరిగె, అంటే కోతలో రాలిన వెన్నులు, పేదలకు వదిలెయ్యి, కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు అంటుంది. మొన్న మా వీధిలో ఒకావిడ చీకటి పడ్డాక చిల్లర కోసం కొట్టు కొట్టూ తిరిగి, కూలికొచ్చినవాళ్లకు పైసాతో సహా లెక్కకట్టి ఇచ్చి పంపింది. టార్చి పట్టుకుని వెంట ఆమె కొడుకు. ఆ పిల్లాడికి ఈ వచనం వేరే చెప్పక్కర్లేదు. మిషన్‌తో కోయిస్తున్నవాళ్లు కూడా దయచేసి పరిగె ఏరుకునేవాళ్లను అదిలించకండి.

1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు నర్సాపురం, పాలకొల్లు వైపు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల ప్రసంగాలే కాదు, వాళ్ల కాపురాలనూ ఊళ్లు చూశాయి.

వంటకు ముందు దేవుని కోసం గుప్పెడు బియ్యం తీసిపెట్టే ఇళ్లలో, ఆ గుప్పెడు పిల్లల చేత తీయించండి. రాత్రి టీవీ ఆపి పది నిమిషాలు ప్రార్థన చేసినా చాలు.

ఆదివారం ఆరాధన అయ్యాక కాసేపు ఆగండి. మీ ఇంట్లో ఎలా చేస్తున్నారో మిగతావాళ్లకూ చెబుదురుగాని.