వార్షిక నివేదిక: ఫ్రెంచ్‌లో ఫోన్ మాట్లాడటం నేర్చుకున్న ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఫ్రాన్స్‌లోని లియాన్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల సంఘం కార్యవర్గం తరఫున, సెప్టెంబరు నుంచి జూన్ దాకా మనం చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. మనది లాభాపేక్ష లేని సంఘాలకు సంబంధించిన 1901 చట్టం కింద నమోదైన చిన్న సంఘం. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. నేను ఎక్కువగా ఫ్రెంచ్ గురించే చెబుతాను, ఎందుకంటే ఈ ఏడాది మన సమయంలో పెద్ద భాగం దానికే వెచ్చించాం.

సెప్టెంబరు, అక్టోబరు ఎప్పటిలాగే కొత్తగా వచ్చినవారి కాగితాలతో గడిచాయి. దేశంలో అడుగుపెట్టిన మూడు నెలల్లోపు లాంగ్ స్టే వీసాను ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి. ఆ తర్వాత ఆరోగ్య బీమా కోసం అమెలీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్, అద్దె సాయం కోసం కాఫ్ అనే సంస్థ. ప్రతి ఏడాదీ పని ఆగిపోయేది ఒక్కచోటే: జనన ధ్రువపత్రం. అందులో తల్లిదండ్రుల పేర్లు ఉండాలి, ఫ్రెంచ్ అనువాదం గుర్తింపు పొందిన అనువాదకులతో చేయించాలి. వచ్చే ఏడాది రాబోయేవారికి ఈ ఒక్క మాట బయలుదేరకముందే చెప్పండి, వాళ్లకు చాలా టెన్షన్ తగ్గుతుంది.

ఇక శనివారాల్లో సంఘం నడిపే ఫ్రెంచ్ తరగతి. మనలో చాలామంది మాస్టర్స్ ఇంగ్లిష్‌లోనే చదువుతున్నాం. ప్రాజెక్టూ ఇంగ్లిష్‌లోనే, పరీక్షలూ ఇంగ్లిష్‌లోనే. అందుకని ఫ్రెంచ్‌ను తర్వాత చూసుకుందాం అనుకుంటాం. కానీ గదికి వచ్చే ఉత్తరం, డాక్టర్ దగ్గర ఫోన్ ఎత్తే మనిషి, ట్రామ్ ఆగిపోయినప్పుడు వినిపించే ప్రకటన, ఇవన్నీ ఫ్రెంచ్‌లోనే ఉంటాయి. మొదటి రెండు నెలలు మేమూ పుస్తకం పట్టుకుని క్రియారూపాలు వల్లె వేయించాం. అది మా పొరపాటు. నవంబరులో ఒక సభ్యురాలు, "అన్నా, వ్యాకరణం వస్తోంది కానీ ఫోన్ మోగితే ఎత్తలేకపోతున్నాను" అంది. ఆ రోజు నుంచి తరగతి పద్ధతి మార్చేశాం.

ఇద్దరిద్దరు వేర్వేరు గదుల్లో కూర్చుని నిజంగానే ఫోన్ చేసుకునేవారు. ఒకరు డాక్టర్ దగ్గర పనిచేసే సెక్రటరీ, ఇంకొకరు అపాయింట్‌మెంట్ అడిగే విద్యార్థి. ఎదుటివారి ముఖం, చేతులు కనిపించకపోతే భాష ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మొదట నేర్పింది రెండే వాక్యాలు: "వూ పూవే రెపెతే?", "ప్లు లాంత్‌మా, సిల్ వూ ప్లే". మళ్లీ చెప్పండి, కాస్త నెమ్మదిగా అని. దానికంటే ముందు "బోంజూర్" అనడం మరవకూడదు. అది అనకుండా నేరుగా పని చెబితే ఇక్కడివారికి మొరటుగా అనిపిస్తుంది.

అందరినీ ఏడిపించినవి అంకెలు. ఇక్కడ ఫోన్ నంబరును రెండేసి అంకెలుగా చెబుతారు. డెబ్బై అయిదును "సువాసాంత్ కాంజ్" అంటారు, అంటే అరవై పదిహేను. "సువాసాంత్" వినగానే మనం 60 రాసేస్తాం, అప్పుడు పదిహేను వచ్చి పడుతుంది. 98 అయితే నాలుగు ఇరవైలు, ఒక పద్దెనిమిది. బెల్జియం, స్విట్జర్లాండ్ ఫ్రెంచ్‌లో డెబ్బైకీ తొంభైకీ సెప్తాంత్, నొనాంత్ అని విడి మాటలున్నాయి. ఇక్కడ ఆ సుఖం లేదు. జత పూర్తయ్యేదాకా పెన్ను కదపకూడదని తరగతిలో నియమం పెట్టుకున్నాం, తప్పులు బాగా తగ్గాయి.

మన భాష సాయపడే చోట్లు కూడా ఉన్నాయి. ఇంగ్లిష్ అలవాటుతో మనం ట, డ పలుకుతాం కానీ ఫ్రెంచ్‌కు కావాల్సింది మన త, ద. "వాడు ఎక్కడ" అన్నది "వాడెక్కడ" అయినట్టే ఫ్రెంచ్‌లో "ల్య" పక్కన "అమి" (స్నేహితుడు) చేరితే "లామి" అవుతుంది. సంధి చదువుకున్నవారికి ఇది కొత్త కాదు. నువ్వు, మీరు తేడా కూడా మనకు పుట్టుకతో వచ్చిందే. అయితే తోటి విద్యార్థులను కూడా "వూ" (మీరు) అని మన్నిస్తూ కూర్చుంటే వాళ్లు దూరం పెడుతున్నామనుకుంటారు. క్లాస్‌మేట్‌కు "తు" (నువ్వు) చాలు.

ఒక బాధాకరమైన సంగతి. మన సభ్యుడొకరు ఫర్నిచర్‌తో అద్దెకు తీసుకున్న గది ఖాళీ చేస్తున్నట్టు యజమానికి ఫోన్‌లో చెప్పి ఊరుకున్నారు. ఒప్పందం ప్రకారం నెల ముందు రిజిస్టర్డ్ ఉత్తరం పంపాలి, అది అందిన రోజు నుంచే నెల లెక్క. ఇంకో నెల అద్దె కట్టాల్సి వచ్చింది. ఒప్పందంలో ఆ మాట స్పష్టంగా ఉంది, చదివి చెప్పేవారే పక్కన లేరు. సంఘం ఉండీ ఇలా జరగడం మాకు చాలా కష్టంగా అనిపించింది. అప్పటినుంచి ప్రతి తరగతిలో చివరి అరగంట "ఉత్తరాల సమయం" అయింది. ఎవరికి ఏ కాగితం వచ్చినా తెస్తారు, కలిసి చదువుతాం. నా దృష్టిలో ఈ ఏడాది మనం చేసిన మంచి పని ఇదే.

డెల్ఫ్ బీ2 అనే ఫ్రెంచ్ భాషా పరీక్ష రాసినవారికి కూడా ఫోన్ సాధన పనికొచ్చింది. పరీక్ష వందకు ఉంటుంది, పాసవడానికి యాభై కావాలి. కానీ నాలుగు భాగాల్లో ఒక్కోదానికి 25 మార్కులు, ఏ ఒక్కదాంట్లో అయిదు కంటే తగ్గినా పోయినట్టే. మనవాళ్లు రాయడం, చదవడంలో గట్టిగా ఉండి వినడం దగ్గర తడబడతారు.

జనవరి పరీక్షలప్పుడు హాజరు బాగా పడిపోయింది, రెండు శనివారాలు తరగతే జరగలేదు. ఫ్రెంచ్ విద్యార్థులతో జతకట్టి మాట్లాడుకునే టాండెమ్ కార్యక్రమం మొదలుపెట్టాం కానీ నడిపించలేకపోయాం. బాధ్యత ఒకరి మీదే వేయడం తప్పు. వచ్చే ఏడాది ఇద్దరు ముందుకు రావాలని కోరుతున్నాం.

ఇంకో ప్రతిపాదన: రాత్రివేళ ఒంట్లో బాగాలేకపోతే అత్యవసర వైద్య సాయం నంబరు 15కి ఫోన్ చేసి ఏం చెప్పాలో, చిరునామా, అంతస్తు, తలుపు కోడ్‌తో సహా, ప్రతి కొత్త సభ్యుడితో మొదటి వారంలోనే ఒకసారి సాధన చేయించాలి. కార్యవర్గం దీన్ని ఓటుకు పెడుతోంది.

కొత్త విద్యా సంవత్సరం తరగతులు సెప్టెంబరు మొదటి శనివారం మొదలవుతాయి. వచ్చేటప్పుడు ఫోన్ చార్జ్ చేసుకుని, చదవకుండా పక్కన పెట్టిన ఉత్తరాలుంటే వాటినీ తీసుకురండి.

కార్యదర్శి