థైరాయిడ్‌కు అయోడిన్ ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

థైరాయిడ్ ప్రస్తావన వస్తే మన ఇళ్లలో మాట అయోడిన్ దగ్గరే ఆగిపోతోంది. శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో ప్రారంభించిన అధ్యయనం, అయోడిన్ కలిపిన ఉప్పుతో గాయిటర్‌ను, అంటే థైరాయిడ్ గ్రంథి ఉబ్బి వచ్చే గొంతు వాపును, అదుపు చేయవచ్చని దేశానికి చూపించింది. ఆ మేలు చిన్నది కాదు. సైంధవ లవణం మోజులో అయోడిన్ ఉప్పు మానేస్తున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయితే ఆ అయోడిన్ హార్మోనుగా మారాలంటే థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ పనిచేయాలి, దానికి ఇనుము కావాలి. తయారైన టీ4 అనే హార్మోను శరీరానికి ఎక్కువగా ఉపయోగపడే టీ3 అనే రూపంలోకి మారడానికి సెలీనియం అనే ఖనిజం ఉన్న ఎంజైములు కావాలి. రక్తహీనత ఉన్న పిల్లల్లో అయోడిన్ ఉప్పు ఇచ్చినా గొంతు వాపు ఆశించినంత తగ్గలేదనీ, ఇనుము కూడా అందించాక ఫలితం మెరుగైందనీ మొరాకో, ఐవరీ కోస్ట్ అధ్యయనాలు తేల్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలు రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నప్పుడు, థైరాయిడ్ పరీక్ష రాసేవారు హిమోగ్లోబిన్‌నూ చూడటం ఎంతైనా అవసరం.

అంతకన్నా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మాత్రల వేళ. మా బంధువుల్లో ఒక గర్భిణి పరగడుపున వేసుకోవలసిన థైరాయిడ్ మాత్రనూ, ఎర్రటి ఐరన్ మాత్రనూ ఒకే గుక్క నీళ్లతో మింగేది. రెండూ మంచివే కదా అనుకుంది, ఎవరూ వద్దని చెప్పలేదు. ఐరన్, కాల్షియం మాత్రలు థైరాయిడ్ మందును పేగుల్లోనే పట్టేసి ఒంటికి పట్టనివ్వవు, అందుకే వాటి మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. గర్భం దాల్చిన తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆ సమయంలో ఈ పొరపాటు జరగనివ్వకూడదు. అలాగని ఐరన్ మానేయడం అంతకన్నా తప్పు.

సెలీనియం క్యాప్సూళ్లను పరీక్ష లేకుండా, వైద్యుల సలహా లేకుండా కొనుక్కోవడం కూడా మంచిది కాదు. అది మోతాదు మించితే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసుబారతాయి. ఇప్పటికే జుట్టు రాలుతోందని థైరాయిడ్ పరీక్షకు వెళ్లేవారు అదే ఇబ్బందిని కొని తెచ్చుకున్నట్టవుతుంది.

గర్భిణులకు మాత్రలు అందజేసే ఏఎన్‌ఎంలు, మందుల దుకాణాలవారు ఏ మాత్ర ఉదయం, ఏది మధ్యాహ్నం, ఏది రాత్రి అన్నది తల్లీబిడ్డల కార్డు మీద తెలుగులో రాసి ఇచ్చేలా ఆరోగ్య శాఖ ఆదేశించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, ఖమ్మం