జనం ఫోన్లలో రాసుకుంటున్నది చదవండి, మంత్రి గారూ

గౌరవనీయులైన తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మన హైదరాబాద్‌లో వాతావరణ మార్పు గురించి సభల్లో కన్నా సెల్‌ఫోన్లలోనే ఎక్కువ మాట్లాడుకుంటున్నారు. కాకపోతే ఆ పేరుతో కాదు. మే నెలలో "రేకుల ఇంట్లో ఉండలేకపోతున్నాం" అంటారు, వాన పడితే "మళ్లీ మునిగాం" అంటారు.

ఎండాకాలంలో ఒక వీడియో చూశాను. బోరబండ వైపు ఒకావిడ తన గది చూపిస్తోంది. రేకుల మీద తడిపిన గోనెసంచులు, కిటికీకి తడి చీర, ఫ్యాన్ వేస్తే వేడిగాలి. కింద కామెంట్లలో "ఎండాకాలం ఎండ కాయక వెన్నెల కాస్తుందా?" అని కొందరు, "చెట్లు కొట్టేశారుగా, అనుభవించండి" అని ఇంకొందరు. ఒకాయన మాత్రం రేకులకు సున్నం కొట్టించమని, ఎంతవుతుందో లెక్కేసి మరీ రాశాడు. 2023 నుంచే మన రాష్ట్రానికి కూల్ రూఫ్ పాలసీ ఉంది. పైకప్పు ఎండను తిప్పికొట్టేలా ఉంటే లోపల వేడి తగ్గుతుందన్నదే దాని సారం. ఆ సంగతి ఆవిడకు చెప్పడానికి ప్రభుత్వం తరఫున అక్కడ ఒక్కరూ లేరు. నాకు బాధ కలిగింది అందుకే. వడదెబ్బతో చనిపోతే 4 లక్షలు ఇస్తామని 2025లో ప్రకటించారు. బతికుండగా చెప్పాల్సిన మాటలు కూడా ఉన్నాయి కదా!

వానల మీదా ఇదే గొడవ. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్‌లో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఆనాటి వీడియో ఎవరు పెట్టినా, తప్పు వానదా, చెరువులు మింగినవాళ్లదా అని కొట్టుకుంటారు. రెండూ ఉన్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచగలదు, అందుకే కురిస్తే కుండపోతే. ఆ నీళ్లు పోవాల్సిన నాలాను కబ్జా చేస్తే ఇళ్లలోకే వస్తాయి. వాతావరణ మార్పు ఉత్తిదే అనేవాళ్లకూ, అన్నిటికీ అదే కారణమని చేతులు దులుపుకునే అధికారులకూ ఈ రెండు ముక్కలు తెలుగులో, ఉర్దూలో చెప్పాల్సింది మీరే.

ఇక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న చెట్ల భూమి, కంచ గచ్చిబౌలి. 2025 మార్చి చివర్లో అక్కడ బుల్డోజర్లు దిగితే సోషల్ మీడియా అంతా అట్టుడికిపోయింది. ఏఐతో చేసిన నెమళ్ల, జింకల బొమ్మలూ తిరిగాయి. అది తప్పే. కానీ పడిపోయిన చెట్లు నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని పనులు ఆపించింది కూడా. అయినా పోస్టులు పెట్టినవాళ్లలో కొందరి మీద కేసులు పెట్టారు, నోటీసులు పంపారు. చెట్టు గురించి రాయాలన్నా టెన్షన్ పడే రోజు రాకూడదండీ. ఇన్నాళ్లూ "మనకెందుకులే" అన్న కుర్రాళ్లు మొదటిసారి ఒక అడవి కోసం గొంతెత్తారు. వాళ్లను భయపెడితే మీ శాఖకే నష్టం.

నీళ్లు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతులన్నీ గొడ్డలి పడకముందే, సర్వే నంబరుతో, చెట్ల లెక్కతో, ఫొటోలతో జనం ముందు పెట్టించండి. అసలు ఫొటో మీ దగ్గరే దొరికితే దొంగ బొమ్మను ఎవరు నమ్ముతారు? వచ్చే ఎండాకాలానికి ముందే, కామెంట్లకు తెలుగులో, ఉర్దూలో జవాబిచ్చే మనుషులను పెట్టండి. కంచ గచ్చిబౌలి పోస్టుల మీద కేసులు ఇంకా నడుస్తుంటే వెనక్కి తీసుకునేలా హోం శాఖతో మాట్లాడండి.

ఇట్లు,
హైదరాబాద్ పౌరుడు