లాక్స్టన్ ఊరివాళ్లకి, మా నాన్న తరఫున

ఇది ఇంగ్లండ్‌లోని లాక్స్టన్ రైతులకీ, ఆ ఊరి పబ్ వాళ్లకీ థాంక్స్ చెబుతూ రాస్తున్న పోస్టు. వాళ్లకి ఇంగ్లీషులో విడిగా ఉత్తరం రాశాను. ఈ తెలుగుది మాత్రం నాన్న కోసం, కృష్ణా జిల్లాలో తన తోటి రైతులందరికీ చూపించుకోవాలట.

నాటింగ్‌హామ్‌షైర్‌లో టక్స్‌ఫర్డ్ దగ్గర చిన్న పల్లె అది. 19వ శతాబ్దం ముగిసేసరికి ఇంగ్లండ్‌లో దాదాపు అన్ని ఊళ్లూ ఉమ్మడి పొలాలకి కంచెలు వేసి ఎవరి ముక్క వాళ్లు పంచేసుకుంటే, ఇక్కడ మాత్రం వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలు కంచె లేకుండా మిగిలాయి. వాటిలో రైతులకి పొడుగాటి పొలం ముక్కలుంటాయి. ఒక పొలంలో శీతాకాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతంలో వేసే పంట, మూడోదాంట్లో బీడో పశుగ్రాసమో. ఏటా వంతు మారుతుంది. రైతుల ఇళ్లన్నీ ఊళ్లోనే, పొలాలు ఊరి బయట. "అచ్చం మనలాగే!" అన్నారు నాన్న. పబ్ దగ్గర్లో బందెలదొడ్డి కనబడగానే ఇంకెవరూ చెప్పక్కర్లేకుండానే పోల్చేశారు.

మేం వెళ్లింది నవంబరు ఆఖరి గురువారం, జ్యూరీ రోజు. ఊరి రైతులే జ్యూరీగా కొత్తగా గోధుమ వేసిన పొలమంతా తిరిగి, ఎవరైనా దారిలోకో, సైక్ అని పిలిచే గడ్డి పట్టీల్లోకో దున్నుకొచ్చారేమో చూస్తారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, నేలేమో బురద. పొలం అంచునే నిలబడిపోతే, ఒక రైతు తన బూట్లు తెచ్చి తొడిగించి, చెయ్యి పట్టుకుని జీపెక్కించుకున్నాడు. హద్దు దగ్గర ఒకాయన అవతలి కొయ్యని గురిచూస్తూ "కొంచెం ఎడమకి" అని చేత్తో సైగ చేస్తుంటే, ఇంకొకాయన కొయ్య నిలబెట్టి సుత్తితో దిగగొట్టాడు. గట్టు తగువుల మీద ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి కదా, నాన్న కళ్లార్పకుండా చూశారు. కాసేపటికి నా అనువాదం కూడా వాళ్లకి అక్కర్లేకపోయింది. మట్టి పిడికిట్లో నలిపి ఒకరికొకరు చూపించుకున్నారు.

తప్పు చేసి దొరికినవాళ్ల సంగతి వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే ఆ పబ్‌లోనే కోర్ట్ లీట్ అనే పాతకాలపు ఊరి కోర్టు తేలుస్తుంది. ఇలాంటి పాత కోర్టుల అధికారాలు 1977 చట్టంతో పోయినా దీనికి మాత్రం మిగిలాయి. జరిమానా చిన్నదే, నలుగురిలో పేరు చదవడమే అసలు శిక్ష అని నాకనిపించింది.

అంతా స్వర్గమనుకోకండి. వీళ్లు చాలామంది కౌలు రైతులే. భూమి 1952లో ప్రభుత్వ వ్యవసాయ శాఖకి, 1981లో రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కి, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ అనే ప్రైవేటు ఎస్టేట్‌కి చేతులు మారింది. యజమాని మారినప్పుడల్లా రైతుకి గుండెదడ తప్పదు, అది ఏ దేశమైనా.

1635లో మార్క్ పియర్స్ వేసిన ఊరి పటం నకలు చూపించి, బొమ్మల్లో దున్నుతున్న మనుషుల్ని వేలుపెట్టి చూపిన అమ్మగారికి, మాంసం లేని సూప్ విడిగా కాచిచ్చిన పబ్ అమ్మాయికి, బూట్లిచ్చిన పెద్దమనిషికి చాలా చాలా థాంక్స్. బూట్లు కడిగి పార్సిల్ చేశాం, ఈ వారంలో అందుతాయి.