తనోళ్లకు చెప్పినోళ్ల సంగతి కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

యుద్ధం నడిచే దేశంల మత పెద్దలు శాంతి కోసం పిలుపు ఇచ్చిన్రు అనే వార్త వస్తే మన పేపర్లల్ల అది లోపలి పేజీల ఓ మూలకు నాలుగు లైన్లే ఉంటది, బాంబు పడ్డ వార్త మాత్రం ఫోటోతోని మొదటి పేజీల ఉంటది. నేను హన్మకొండ దగ్గర సర్కారు బడిల సోషల్ చెప్తా, పొద్దున ప్రేయర్ అయినంక పిల్లలతోని పేపర్ చదివిస్తా, అందుకే ఇది రోజూ కండ్ల పడ్తది. మొన్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె అడిగింది, సార్ గీ పెద్దమనుషులు చెప్తే తుపాకి పట్టినోళ్లు ఆగుతరా అని. ఒక్క ముక్కల జవాబు చెప్పరాలే.

ఆ పిల్లకు సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ సంగతి చెప్పిన. ఆఫ్రికా మ్యాప్‌ల సరిగ్గ నడుమ ఉంటది, సముద్రం లేదు, వజ్రాలు బంగారం ఉన్నయి కానీ జనం నిరుపేదలు. 2013 మార్చిల సెలెకా అనే తిరుగుబాటు గుంపు రాజధాని బాంగీని పట్టుకున్నది, అండ్ల ఎక్కువమంది ముస్లింలు. వాళ్లు చేసిన దోపిడీలకు, హత్యలకు ఎదురుగ ఆంటీ బలాకా అని ఇంకో గుంపు లేచింది, అండ్ల క్రైస్తవులు ఎక్కువ. అసలు కొట్లాట గద్దె కోసం, గనుల కోసం, కానీ బజార్ల చంపుడు మాత్రం నీ పేరేంది, నీ మతమేంది అని అడిగి చంపుడే అయింది.

ఆ డిసెంబర్ల బాంగీ మొత్తం అంటుకున్నప్పుడు అక్కడి ముస్లింల సంఘం అధ్యక్షుడు ఇమామ్ ఉమర్ కోబిన్ లయామాకు ఇంట్ల ఉండే పరిస్థితి లేకపోతే, కాథలిక్ ఆర్చిబిషప్ న్జపలైంగా తన బంగ్లాల జాగ ఇచ్చిండు, ఒక రోజు రెండు రోజులు కాదు, నెలల తరబడి ఇమామ్ కుటుంబం అక్కడ్నే ఉన్నది. ఇంకొకాయన పాస్టర్ గెరెకొయామె, ప్రొటెస్టంట్ల పెద్ద. ఈ ముగ్గురూ కలిసి ఊర్లు తిరిగిన్రు, ఇది మతాల యుద్ధం కాదు అని పోయిన కాడల్లా చెప్పిన్రు.

నాకు అన్నిటికన్న పెద్దగ అనిపించేది ఏందంటే ఆర్చిబిషప్ ఆంటీ బలాకా తప్పని చెప్పిండు, ఇమామ్ సెలెకా తప్పని చెప్పిండు. ఎదుటోని తప్పు చెప్పుడు ఎవరికైనా సులువే, మనోళ్ల ముంగట నిలబడి మీరు చేసేది మన ధర్మం కాదు అనుడు ప్రాణం మీదికి తెచ్చుకునుడే. 2015 నవంబర్‌ల పోప్ ఫ్రాన్సిస్ అక్కడికి పోయి, చుట్టూ కొట్లాటలు నడుస్తుంటే పీకే5 అనే ముస్లింల వాడల మసీదుకు కూడా పోయిండంటే అంతకుముందు రెండేండ్లు ఈ ముగ్గురు చేసిన కష్టం దానెనుక ఉన్నది.

యుద్ధం అంతటితోని ఆగలే, అది కూడా పిల్లలకు చెప్పిన. 2019ల 14 సాయుధ గుంపులతోని ఒప్పందం అయింది, 2020 చివర్ల మళ్ల కాల్పులు షురూ అయినయి. ఆ నవంబర్లనే ఇమామ్ కూడా చనిపోయిండు. అయినా ఆ బంగ్లాల తలదాచుకున్న ప్రాణాలు దక్కినయి గదా సార్, నడుమ ఒక మనిషి నిలబడితే కొందరు బతుకుతరు, నా మటుకు గదే జవాబు.

మాకు ఈ నడుమ నిలబడే మనుషుల విలువ తెల్సు. మా చిన్నప్పుడు రాత్రి అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చి బువ్వ అడిగేది, తెల్లారి పోలీసులు వచ్చి ఎవరికి పెట్టినవ్ అని అడిగేది, మా అవ్వ ఇద్దరికీ దండం పెట్టుకుంట బతికింది. 2004 అక్టోబర్ల హైదరాబాద్‌ల సర్కారుకు, అన్నలకు నడుమ శాంతి చర్చలు అయినప్పుడు ఊరంతా టీవీ ముంగట కూసున్నది. రిటైర్డ్ ఐఏఎస్ ఆఫీసర్ ఎస్.ఆర్. శంకరన్ గారు, ఆయనతోని ఉన్న పెద్దమనుషులు మత గురువులు కారు, కానీ సర్కారుకూ చెప్పిన్రు, అన్నలకూ చెప్పిన్రు. ఆ చర్చలు నిలబడకపోయె, ఆ బాధ నాకు ఇంకా ఉన్నది.

మా ఊర్ల పీరీల పండుగకు మా నాయిన పీరీని ఎత్తుకునేటోడు, మేం హిందువులమే. కాజీపేట దర్గా ఉర్సుకు పోయేటోళ్లల్ల ఎవరు ఏ మతమని లెక్క పెట్టినోళ్లు లేరు. గిప్పుడేమో ఏ మూల ఏం జరిగినా గంటల వాట్సాప్‌ల పాత వీడియో తిరుగుతది, మా పదో తరగతి పిల్లలు కూడా ఫార్వర్డ్ చేస్తున్నరు, నా కండ్లతోని చూసిన. 2023ల గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒక్కరోజే పడితే హైదరాబాద్‌ల ముస్లిం పెద్దలు తమ మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నరు. ఎవల్నో తిట్టకుంట, ఎవలూ బలవంతం చెయ్యకుంట తనోళ్లను ఒప్పించుడు గది. అట్లాంటి దాన్ని మొదటి పేజీల ఎందుకు వెయ్యరాదు?

మా జిల్లాల పూజార్లను, మౌల్వీలను, ఫాదర్లను, పాస్టర్లను కూడా అడుగుతున్న. పండుగల ముందు పోలీస్ స్టేషన్ల పీస్ కమిటీ మీటింగుకు మీరు వస్తున్నరు, సంతోషం. ఒక్కసారి కలిసి మా బడికి రాండ్రి, ఆ వాట్సాప్ వీడియోల గురించి ఎవరి పిల్లలకు వాళ్లు చెప్పండి. ఆ రోజు ఫోటోగ్రాఫర్‌ను మీరు పంపాలె ఎడిటర్ గారూ.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్, హన్మకొండ