ఫైల్ మీద ఇవాళ్టి డేటే ఉంది, లోపల మాత్రం జీరో కేబీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ఏఐ కోర్సులు, డేటా సైన్స్ జీతాల గురించి తెగ రాస్తున్నారు, బానే ఉంది, మా తమ్ముడి కొడుకు అవన్నీ కత్తిరించి దాచుకుంటున్నాడు కూడా. కానీ ఆ డేటా ఎక్కడో ఒక కంప్యూటర్లో ఉంటుందని, దాన్ని రోజూ చూసుకునే మనిషి ఒకడు కావాలని ఎవరూ రాయట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను గుంటూరులో ఒక మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తా. చదివింది బీకామ్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టిన అబ్బాయి బెంగళూరు వెళ్ళిపోయాక సర్వర్ నా నెత్తిన పడింది. పోతూ పోతూ రాత్రి 2 గంటలకి బ్యాకప్ దానంతటదే అయ్యేలా పెట్టి వెళ్ళాడు. నేను పొద్దున్నే ఫోల్డర్ తెరిచి, ఇవాళ్టి డేట్‌తో కొత్త ఫైల్ ఉందా, ఉంది, సరే అనుకుని దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టి టీకి వెళ్ళేవాణ్ణి. రెండేళ్ళు ఇదే పని.

పోయిన ఎండాకాలం హార్డ్ డిస్క్ పోయింది. మన దగ్గర బ్యాకప్ ఉంది సార్ అని ఓనర్‌కి ధైర్యం చెప్పి పెన్‌డ్రైవ్ పెడితే ఫైల్ సైజు 0 కేబీ. ముందు రోజుదీ అంతే, ముందు నెలదీ అంతే. తీరా చూస్తే ఐదు నెలల కిందట ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు, బ్యాకప్ కమాండ్‌లో మాత్రం పాతదే ఉంది. లోపలికి పోలేక అది ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది, కానీ అవుట్‌పుట్‌ని ఫైల్లోకి పంపమని రాసుంది కదా, విండోస్ ముందు ఖాళీ ఫైల్ చేసిపెట్టి ఆ తర్వాతే కమాండ్ నడుపుతుంది, అందుకే డేట్ రోజూ కొత్తది, లోపల ఏమీ ఉండదు. సైజ్ కాలమ్ అక్కడే పక్కనే ఉంది, ఒక్కరోజు కూడా చూళ్ళేదు నేను. బిల్లు కాపీలు ముందేసుకుని ముగ్గురం పదహారు రోజులు కూర్చున్నాం, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీతో సహా మళ్ళీ కొట్టాం.

మనలాంటోళ్ళకే ఇలా అవుతుందనుకుంటే పొరపాటు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజినీర్ నకలు ఉంచే రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీదే డేటా డిలీట్ కొట్టాడు. రెండు సెకన్లలో చూసుకుని ఆపినా 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్ దారులు ఐదున్నాయి, ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. రోజూ వెళ్ళాల్సిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ల తేడా వల్ల అసలు వెళ్ళట్లేదు, ఫెయిలైందని చెప్పే మెయిళ్ళేమో రిజెక్ట్ అయిపోతున్నాయి. టెస్టింగ్ కోసమని ఆరు గంటల ముందు ఒకాయన చేత్తో తీసిన కాపీ ఉండబట్టి బతికిపోయారు. ఇదంతా వాళ్ళే బయటికి చెప్పారు, రికవరీ చేస్తున్నది యూట్యూబ్‌లో లైవ్ కూడా ఇచ్చారు. అది నాకు నచ్చింది, మన దగ్గరైతే ముందు ఎవరి ఉద్యోగం ఊడగొట్టాలా అని చూస్తారు.

ఇంకోటి ఎక్సెల్. మా బ్యాచ్ నంబర్లలో 24ఈ011 లాంటివి వస్తాయి, ఎక్సెల్‌కి మధ్యలో ఆ ఇంగ్లిష్ అక్షరం 'ఈ' కనిపిస్తే చాలు, 24 పక్కన పదకొండు సున్నాలనే లెక్క అనుకుని 2.4ఈ+12 చేసేస్తుంది. అలాగే సీఎస్‌వీలో, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్లో, సేవ్ చేస్తే అసలు నంబరు ఇక పోయినట్టే. రేపు ఆ బ్యాచ్ మందు బాలేదు, వెనక్కి పంపమని నోటీసు వస్తే ఏ షాపుకి వేశామో ఎట్లా వెతకాలి? కాలమ్‌ని ముందే టెక్స్ట్ అని పెట్టుకుంటే గొడవ ఉండదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి ఇంకో మాట, డిలీట్ కొట్టే ముందు అదే కండిషన్‌తో (ఏ వరసలు కావాలో చెప్పే షరతు) సెలెక్ట్ అనే చూపించే కమాండ్ కొట్టి ఎన్ని వరసలు వస్తాయో చూసుకోండి. కండిషన్ లేకుండా డిలీట్ కొడితే ఒప్పుకోని సేఫ్ అప్‌డేట్స్ అనే ఆప్షన్ కూడా అందులోనే ఉంది. దానికి ఇంకో పేరు 'ఐ యామ్ ఎ డమ్మీ', నిజంగానే అలా పెట్టారు, నేను సిగ్గుపడకుండా ఆన్ చేసుకున్నా.

ఆస్పత్రుల్లో, స్కూళ్ళలో, సొసైటీల్లో నాలాగా ఇరుక్కున్న గుమస్తాలు చాలామందే ఉంటారు. వాళ్ళ కోసం వారానికి అర కాలమ్ ఇవ్వండి, తెలిసినవాళ్ళతో రాయించండి.

నేనిప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం షాపు కట్టేశాక బ్యాకప్‌ని పాత కంప్యూటర్లో ఎక్కించి, ముందు రోజు ఆఖరి బిల్లు నంబరు వచ్చిందా లేదా చూస్తున్నా. పోయిన నెల రిటర్నుల టేబుల్ రాలేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా కూర్చుంటే దొరికింది.

ఇట్లు,
ఒక అకౌంట్స్ గుమస్తా, గుంటూరు